కంచర గాడిద మొరాయిస్తోందా? ముందు అది ఏం చూసిందో చూడండి

ఈసారి శీర్షిక మొత్తం కంచర గాడిదలకే. గుర్రాల మీద రాసినప్పుడల్లా "మరి వీటి సంగతేంటి" అని అడిగే ఉత్తరాలు చాలా పేరుకుపోయాయి. అన్నిటికీ చోటు లేదు కాబట్టి ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాను.

ప్రశ్న: మా ఆడ కంచర గాడిదకు ఆరేళ్లు, కొని కొన్ని నెలలైంది. బరువు మోస్తుంది, బుద్ధిగా నడుస్తుంది. కానీ దారిలో చిన్న వాగు దగ్గరికి వచ్చేసరికి నాలుగు కాళ్లూ భూమిలో పాతేసినట్టు ఆగిపోతుంది. ముందు నుంచి లాగాను, వెనక నుంచి అదిలించాను, కర్ర కూడా వాడాను. పక్కవాళ్లు "ఇంకా గట్టిగా తగిలించు, లేకపోతే నెత్తికెక్కుతుంది" అంటున్నారు. నిజమేనా సార్?

జవాబు: కాదండీ. ఆ కర్ర ఇవాళే పక్కన పెట్టేయండి.

గుర్రానికి భయం వేస్తే పరుగెడుతుంది. దాని పూర్వీకులు బతికింది విశాలమైన గడ్డి మైదానాల్లో, అక్కడ పరుగే ప్రాణం కాపాడేది. గాడిద పూర్వీకులవి ఈశాన్య ఆఫ్రికాలోని ఎండు నేలలు, రాళ్లూ గుట్టలూ. అలాంటి చోట గుడ్డిగా పరుగు తీస్తే కాలు విరుగుతుంది, అందుకే గాడిద ఆగి, చూసి, తేల్చుకున్నాకే కదులుతుంది. మీ జంతువుకు ఒడ్డూ పొడుగూ తల్లి గుర్రం నుంచి వస్తే, ఈ ఆగి చూసే గుణం తండ్రి గాడిద నుంచి వచ్చింది. అది వాగు దగ్గర ఆగినప్పుడు మీ మీద పంతం పట్టట్లేదు. నీళ్ల లోతు దానికి తెలియదు, పైన వెలుగు కదులుతోంది, అడుగున రాయి నిలుస్తుందో జారుతుందో చెప్పేవాళ్లు లేరు. అది ఇంకా చూసుకుంటూ ఉండగానే వీపు మీద దెబ్బ పడిందనుకోండి, వాగు దగ్గర నొప్పి ఉంటుందని దానికి ఖాయమైపోతుంది. మర్నాడు ఇంకో పది గజాల ముందే ఆగుతుంది. అప్పుడు పక్కవాళ్లు ఇంకా గట్టిగా కొట్టమంటారు. ఇలా పాడైపోయిన మంచి జంతువుల్ని చాలా చూశాను, ఒక్కదానిలోనూ పుట్టుకతో వచ్చిన లోపం లేదు.

ఏం చేయాలంటే, కొన్నాళ్లు ఆ దారిలో పని పెట్టుకోకండి. త్వరగా వెళ్లాల్సిన రోజున నేర్పడం కుదరదు, మీ టెన్షన్ మీ చేతిలోని తాడు ద్వారానే దానికి తెలిసిపోతుంది. బరువు దించేసి, తలపట్టీకి పొడవాటి తాడు కట్టి ఖాళీగా నడిపించుకెళ్లండి. ఎంత దూరంలో చెవులు నిక్కించి మొదటిసారి నెమ్మదిస్తుందో గమనించండి. పాఠం మొదలుపెట్టాల్సింది అక్కడ, నీటి అంచున కాదు. తాడు మీద కొద్దిపాటి బిగువు ఉంచి ఊరుకోండి, లాగొద్దు. అది ఒక్క అడుగు వేసినా, కనీసం ఒంటి బరువు ముందుకు వాల్చినా, ఆ క్షణంలోనే తాడు వదులు చేయండి. ఆ వదులే దానికి బహుమతి, అది ఆలస్యమైతే దేనికి మెచ్చుకున్నారో దానికి అర్థం కాదు. నీటి దాకా వచ్చి తల దించి వాసన చూస్తోందంటే సగం పని అయినట్టే, అప్పుడు మాట్లాడకుండా, కదపకుండా వదిలేయండి, ఎంతసేపైనా సరే.

దానికి బాగా అలవాటైన గుర్రం ఉంటే ముందు దాన్ని దాటించండి, ముఖ్యంగా ఆడ గుర్రమైతే మరీ మంచిది. కంచర గాడిదలకు ఆడ గుర్రమంటే వల్లమాలిన నమ్మకం. తాడు చేతికి చుట్టుకోకండి, సరిగ్గా దాని ఎదురుగా నిలబడకండి. తొలిసారి దాటేటప్పుడు చాలావరకు నీళ్లలో కాలు పెట్టకుండా ఒక్క గెంతు గెంతుతాయి, ఆ గెంతు మీ మీద పడుతుంది. దాటాక మెడ నిమిరి, కాసేపు నిలబెట్టి, ఇంకోసారి దాటించి ఆపేయండి. నేర్చేసుకుందన్న సంబరంలో అటూ ఇటూ తిప్పితే విసుగొస్తుంది, మళ్లీ మొదటికొస్తారు.

2009లో వెలువడిన ఒక పరిశోధనలో గుర్రాలకూ గాడిదలకూ కంచర గాడిదలకూ ఒకే పరీక్ష పెట్టారు, రెండు గుర్తుల్లో ఏది ఎంచుకుంటే మేత దొరుకుతుందో నేర్చుకోవాలి. చిన్న గుంపు మీదే చేసిన ప్రయోగం, కానీ అందులో కంచర గాడిదలే ముందున్నాయి. మంచిని ఎంత త్వరగా నేర్చుకుంటాయో దెబ్బనీ అంత త్వరగానే నేర్చుకుంటాయి, మీకు వచ్చిన చిక్కంతా అక్కడే ఉంది.

ప్రశ్న: మా ఆడ కంచర గాడిద పొట్ట పెరుగుతోంది. చూడి కట్టిందని ఒకాయన, అసలు కుదరదని ఇంకొకాయన. ఏది నిజం?

జవాబు: రెండో ఆయన మాటే దాదాపు నిజం. గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకు 62, వీటికి పుట్టిన పిల్లకు 63. ఆ బేసి సంఖ్య సరిగా జతలు కట్టదు, అందుకే అండాలూ వీర్యకణాలూ సవ్యంగా తయారుకావు. ఆడవి ఎదకు వస్తాయి, అది చూసే జనం పొరబడతారు. ఎక్కడో బహు అరుదుగా ఆడది ఈనిన సందర్భాలున్నాయి, అమెరికాలోని కొలరాడోలో 2007లో అలాంటి పిల్ల పుడితే జన్యు పరీక్షలు చేసి మరీ ఖాయం చేశారు. పాత కాలంలో ఇది జరగని పనికి గుర్తుగా ఉండేది. బాబిలోన్ ముట్టడిలో కోట గోడ మీది నుంచి "కంచర గాడిద ఈనినప్పుడు మా నగరం మీ చేతికి వస్తుంది" అని ఎగతాళి చేశారనీ, తర్వాత నిజంగానే ఒకటి ఈనిందనీ గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు. మీ ఇంట్లోది మాత్రం బహుశా మేత ఎక్కువై పెరిగిన పొట్ట, లేదా కడుపులో పురుగులు. పేడ పరీక్ష చేయించండి.

ప్రశ్న: మగపిల్ల ఉంది, ఏడాది దాటింది. ఎలాగూ పిల్లలు పుట్టవు కదా, విత్తులు కొట్టించడం దేనికి, అనవసరంగా హింస కాదా?

జవాబు: అవసరమే, ఆలస్యం చేయకుండా చేయించండి. పిల్లలు పుట్టకపోయినా మగ హార్మోన్లు మామూలుగానే ఊరతాయి. వదిలేస్తే రెండు మూడేళ్లకు కరవడం, తోటి జంతువుల మీదపడటం, ఎదలో ఉన్న ఆడ గుర్రం కనిపిస్తే మనిషిని లెక్కచేయకపోవడం మొదలవుతాయి. పశువైద్యుడితో, మత్తు ఇచ్చి, ధనుర్వాతం టీకా వేయించి చేయిస్తే అది హింస కాదు. ఒక్క మాట, మత్తు మందు విషయంలో వైద్యుడికి ఇది కంచర గాడిద అని గుర్తుచేయండి. గుర్రానికి సరిపోయే మోతాదు దీనికి చాలకపోవచ్చు, కొన్ని మత్తు మందులు సగం మేర ఎక్కువ ఇవ్వాల్సి వస్తుంది. సగం మత్తులో లేచి తన్నితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ప్రశ్న: మొదటిసారి కొనాలనుకుంటున్నాను. చిన్న పిల్లను తెచ్చుకుని నాతోపాటే పెంచితే మచ్చిక బాగా అవుతుందని నా ఆలోచన. మీరేమంటారు?

జవాబు: వద్దంటాను. ముద్దొస్తుంది, నిజమే. కానీ పిల్లకూ కొత్తే, మీకూ కొత్తే అయితే ఎవరు ఎవరికి నేర్పాలి? చిన్నప్పుడు మీద మీద పడి ఆడుకున్న పిల్ల నాలుగేళ్లకు మూడు నాలుగు వందల కిలోలవుతుంది, అప్పుడూ అలాగే మీద పడుతుంది. పైగా ఎముకలు ముదరడానికి టైమ్ పడుతుంది, నాలుగైదేళ్లు రాకుండా దాని మీద అసలైన బరువు వేయకూడదు. మీరు పదేళ్లు దాటినదాన్ని, పని తెలిసినదాన్ని చూసుకోండి. ఇవి ముప్పై ఏళ్లు, ఇంకా పైన కూడా బతుకుతాయి కాబట్టి పదేళ్లదంటే మంచి వయసులో ఉన్నట్టే.

చూడటానికి వెళ్లినప్పుడు అమ్మేవాళ్లు ముందే పట్టి కట్టేసి, జీను వేసి సిద్ధంగా ఉంచితే, అన్నీ విప్పేయమనండి. మళ్లీ మొదటి నుంచి మీ కళ్లముందు చేయమనండి: దొడ్లో వదిలితే మళ్లీ పట్టుకోనిస్తుందా, నాలుగు కాళ్లూ ఎత్తనిస్తుందా, చెవులు ముట్టుకోనిస్తుందా, బండెక్కుతుందా. వీటిలో నేను ఎక్కువ పట్టించుకునేది చెవులు. గతంలో ఎవరైనా చెవి మెలేసి లొంగదీసి ఉంటే ఆ జంతువు ఏళ్లు గడిచినా తల దగ్గరికి చెయ్యి రానివ్వదు, కళ్లెం వేయడమే రోజూ ఒక గొడవవుతుంది. వెనక కాళ్లతో గుర్రం కన్నా గురిగా తన్నగలదు, పక్కకీ తన్నగలదు, కాబట్టి డొక్క పక్కన నిలబడ్డాం కదా పర్లేదు అనుకోకండి. వయసు పళ్లు చూసి చెప్పించుకోండి, నోటిమాట నమ్మకండి. ఇంట్లో తోడుగా ఇంకో జంతువు లేకపోతే, ఒక్కదాన్నే తెచ్చి కట్టేయడం మాత్రం అస్సలు చేయకండి.

ప్రశ్న: తండ్రి గుర్రం, తల్లి గాడిద అయితే?

జవాబు: దాన్ని హిన్నీ అంటారు. సాధారణంగా కొంచెం చిన్నగా ఉంటుంది, పుట్టించడం కూడా కష్టం, అందుకే తక్కువగా కనిపిస్తుంది. పెంపకం తేడా పెద్దగా లేదు.

ప్రశ్న: గుర్రంతో పాటే కట్టేసి, అదే దాణా పెడుతున్నాను. మెడ మీద జూలు కింద గట్టిగా లావుగా కండలా పెరిగి ఒక పక్కకు వాలుతోంది. బలమే కదా?

జవాబు: కండ కాదండీ, కొవ్వు. అదే బరువున్న గుర్రం కన్నా కంచర గాడిదకు తక్కువ మేత చాలు, గాడిద వైపు నుంచి వచ్చిన కడుపు అది, గరుకు మేత నుంచే బలం లాక్కుంటుంది. మీరు దాణా దాదాపు ఆపేసి, ఎండుగడ్డి, వరిగడ్డి లాంటి పీచు మేత పెట్టండి, శుభ్రమైన నీళ్లు, ఉప్పు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి, రోజూ నడిపించండి. కానీ ఒక్కసారిగా మాడ్చకండి, లావుగా ఉన్న గాడిదలూ కంచర గాడిదలూ ఉన్నట్టుండి తిండి మానేస్తే ఒంట్లో కొవ్వు కరిగి రక్తంలోకి చేరి కాలేయం దెబ్బతింటుంది, ప్రాణం పోతుంది. లావు వల్ల గిట్టల లోపల వాపు వస్తే నడకే పోతుంది. గిట్టల మాట వచ్చింది కాబట్టి: వీటి గిట్ట గుర్రం గిట్ట కన్నా ఇరుకుగా, నిటారుగా, గట్టిగా ఉంటుంది, లాడాలు కొట్టే మనిషి దాన్ని గుర్రం గిట్టలా గుండ్రంగా చెక్కితే నడక చెడుతుంది. మెత్తని నేల మీద తిరిగేవాటికి చాలాసార్లు లాడాలే అక్కర్లేదు, చెక్కడం మాత్రం ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి తప్పదు.

ప్రశ్న: ఎంత బరువు వేయొచ్చు? దిగుడు దారిలో జీను మెడ మీదికి జారిపోతోంది, పట్టీ ఎంత బిగించినా ఆగట్లేదు.

జవాబు: పట్టీ బిగించడం ఆపండి, ఊపిరాడదు, చర్మం ఒరుసుకుపోతుంది. గుర్రానికి మెడ మొదట్లో ఎత్తుగా ఉండే మూపు జీనును ఆపుతుంది, దీనికి అది పల్లంగా ఉంటుంది. అందుకే వెనక నుంచి ఆపాలి: తోక కింద నుంచి వచ్చే పట్టీ, లేదా పిరుదుల చుట్టూ వచ్చే వెడల్పాటి పట్టీ. బరువైన పనికి రెండోదే నయం, తోక కింద చర్మం సున్నితం. గుర్రం జీను తెచ్చి వేస్తే కూడా సరిపోదు, దీని వీపు చదునుగా, తిన్నగా ఉంటుంది.

బరువు సొంత ఒంటి బరువులో ఐదో వంతు దాటనివ్వకండి, జీనూ తాళ్లూ అన్నీ కలిపి. రెండు పక్కలా సమానంగా ఉండాలి, ఒక వైపు రెండు కిలోలు తేడా ఉన్నా సాయంత్రానికి వీపు మీద పుండు తేలుతుంది. 1835లో డార్విన్ ఆండీస్ పర్వతాలు దాటినప్పుడు అక్కడివాళ్లు చదునైన దారిలో ఒక్కోదాని మీద 416 పౌండ్లు, అంటే దాదాపు 190 కిలోలు వేసేవారనీ, కొండదారిలో వంద పౌండ్లు తగ్గించేవారనీ రాసుకున్నాడు. అది ఆ కాలపు లెక్క, మీరు పాటించకండి. ఆయన రాసినదాంట్లో నాకు నచ్చేది ఇంకోటుంది: మంద మొత్తానికీ మెడలో గంట కట్టిన ఆడ గుర్రం ఒకటి ఉండేది, రాత్రి విడిచిపెట్టినా కంచర గాడిదలు ఆ గంట చప్పుడు వదిలి పోయేవి కావు, పొద్దున్నే ఆ ఒక్కదాన్ని పట్టుకుంటే మిగతావన్నీ వచ్చేసేవి. తల్లిదండ్రులిద్దరి కన్నా దీనికి తెలివి, జ్ఞాపకం, ఓర్పు, ఆయుష్షు ఎక్కువని ఆశ్చర్యపోయాడు కూడా.

ప్రశ్న: మా తాతయ్య సైన్యంలో కంచర గాడిదల దళంలో పనిచేశారు. ఆయన వాటి గురించి చెబుతుంటే గౌరవం కనిపించేది. బయట మాత్రం పేరు చెబితేనే నవ్వుతారు. ఒకప్పుడు వీటికి నిజంగా విలువ ఉండేదా? ఇప్పుడు వీటితో పనేముంది?

జవాబు: ఈ ఉత్తరం కోసమే ఈ శీర్షిక పెట్టానని అనుకోండి.

ఛాందోగ్య ఉపనిషత్తులో జానశ్రుతి అనే దాత రైక్వుడి దగ్గర విద్య నేర్చుకోవాలని వెళ్లినప్పుడు కానుకగా ఏం తీసుకెళ్లాడో తెలుసా? ఆరు వందల ఆవులు, ఒక హారం, ఆడ కంచర గాడిదలు కట్టిన రథం. హారం పక్కన, ఆవుల పక్కన చెప్పదగ్గ సంపద అది. ఇప్పటి టర్కీ ప్రాంతాన్ని ఏలిన ప్రాచీన హిట్టైట్ల చట్టాల్లో దీని ధర గుర్రం ధర కన్నా ఎక్కువ. ప్రాచీన గ్రీసులో ఒలింపిక్ క్రీడలు జరిగిన ఒలింపియాలో క్రీ.పూ. 500లో మొదలై 444 దాకా కంచర గాడిదల బండి పందేలు జరిగాయి. ఏథెన్స్‌లో గుడి కడుతున్నప్పుడు బాగా ముసలిదైపోయి పని నుంచి తప్పించిన ఒకటి, ఎవరూ తోలకుండానే రోజూ వచ్చి, బండ్లు లాగే వాటి పక్కన నడుస్తూ వాటిని ఉత్సాహపరిచేదనీ, దాన్ని తిండి గింజలు అమ్మేవాళ్లు తమ పళ్లేల దగ్గర నుంచి తోలకూడదని నగరం తీర్మానం చేసిందనీ అరిస్టాటిల్ చెప్పాడు. దాని వయసు ఎనభై అని ఆయన రాసింది నేను నమ్మను కానీ, ఆ తీర్మానాన్ని మాత్రం నమ్మాలనిపిస్తుంది. అమెరికాలో జార్జి వాషింగ్టన్ వీటి కోసమే మంచి మగ గాడిద కావాలని ప్రయత్నిస్తే స్పెయిన్ రాజు కానుకగా పంపాడు, 1785లో అది ఆయన పొలానికి చేరింది. అక్కడ వీటి పెంపకం ఊపందుకోవడానికి అది పెద్ద కారణం.

యుద్ధాల్లో వీటి కథ వేరు, అక్కడ గౌరవంతో పాటు చేసిన అన్యాయం కూడా ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో లక్షల్లో వాడారు. 1915లో టర్కీలోని గల్లిపోలీ కొండల్లో సైన్యానికి నీళ్లూ మందుగుండూ మోసినవాటిలో భారతీయ దళాలవీ ఉన్నాయి. 1939 డిసెంబరులో మన దేశం నుంచి వెళ్లిన కంచర గాడిదల కంపెనీలు ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవులో దిగాయి. మరుసటి ఏడాది జర్మన్ సేనలు చుట్టుముట్టిన ఫ్రాన్స్ రేవు డంకర్క్ నుంచి సైన్యం ఓడలెక్కినప్పుడు మనుషులొచ్చారు, వాటిని అక్కడే వదిలేయాల్సి వచ్చింది. బర్మా అడవుల్లో 1944లో శత్రువుకు వినబడకూడదని వాటి స్వరతంతులు కోసి గొంతు లేకుండా చేసి తీసుకెళ్లారు. నాకు ఆ సంగతి ఎప్పుడు గుర్తొచ్చినా మనసు చేదవుతుంది. లండన్‌లోని హైడ్ పార్క్ దగ్గర 2004లో ఆవిష్కరించిన యుద్ధ జంతువుల స్మారకంలో బరువు మోస్తున్న రెండు కంచు కంచర గాడిదలు ఉన్నాయి, ఆలస్యంగానైనా ఎవరో గుర్తుపెట్టుకున్నారు.

మీ తాతయ్యగారికి పెడోంగీ పేరు తెలిసే ఉంటుంది. 1962లో భారత సైన్యంలో చేరిన ఆడ కంచర గాడిద. 1971 యుద్ధంలో పాకిస్తాన్ సైన్యానికి చిక్కి, వాళ్ల మెషిన్ గన్, మందుగుండు పెట్టెలు వీపు మీద ఉండగానే తప్పించుకుని మన వైపు నడిచొచ్చింది. దారి ఎవరు చూపించారు దానికి? వెళ్లిన దారి గుర్తుంది, అంతే. 1998లో చనిపోయింది.

ఇప్పుడు పనేముందంటారా, రోడ్డు ఆగిపోయిన చోట ఇప్పటికీ వీటిదే పని. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ అడుగున ఉన్న సుపాయ్ గ్రామానికి ఉత్తరాలు ఇవాళ్టికీ వీటి వీపు మీదే దిగుతాయి. 1999లో కార్గిల్ కొండల్లో మన సైన్యానికీ ఇవి మోశాయి. ఇంకోవైపు, అశ్వజాతిలో మొట్టమొదటి క్లోన్ (ఒక జంతువు కణం నుంచి అచ్చు దానిలాగే పుట్టించిన పిల్ల) అయింది గుర్రం కాదు, కంచర గాడిదే: 2003 మే 4న పుట్టిన ఐడహో జెమ్. పిల్లలు కనలేని జాతిలో ఇంకొకటి పుట్టించాలంటే ఇదొక దారి, 2006లో అది పందేల్లో పరుగెత్తింది కూడా. కాలిఫోర్నియాలోని బిషప్ పట్టణంలో 1969 నుంచి ఏటా వీటికోసమే ఉత్సవం చేస్తున్నారు, సవారీ, బండ్లు, బరువు కట్టే పోటీలు, అన్నీ వీటితోనే. నవ్వేవాళ్లకు ఒక రోజు కొండదారిలో దీని వెనక నడిచి చూడమనండి, ముందు కాలు పెట్టిన చోటే వెనక కాలు ఎలా పెడుతుందో.

ప్రశ్న: మా దగ్గర రెండు ఉండేవి, ఇరవై ఏళ్లకు పైగా కలిసి పెరిగాయి. మొన్న ఒకటి పోయింది. వెంటనే తీసేశాం. రెండోది రెండు రోజులుగా మూల నిలబడి ఉంటోంది, మేత ముట్టట్లేదు. దిగులు, అదే సర్దుకుంటుందిలే అంటున్నారు ఇంట్లో.

జవాబు: ఈ జవాబు అచ్చులో వచ్చేదాకా ఆగకూడదని మీకు విడిగా రాశాను, మిగతావాళ్ల కోసం ఇక్కడ పెడుతున్నాను. రెండు రోజులు తినకపోవడం అంటే అత్యవసరం, పశువైద్యుణ్ణి ఆ రోజే పిలవాలి. పైన చెప్పిన కొవ్వు జబ్బు మొదలయ్యేది ఇలాగే, దిగులుతోనే. ఇంకో సంగతి, ఇవి నొప్పిని దాచుకుంటాయి. కడుపునొప్పి వస్తే గుర్రం నేల మీద దొర్లుతుంది, ఇది ఊరికే తల వంచుకుని నిలబడుతుంది, చూసేవాళ్లకు దిగులులా కనిపిస్తుంది. కాబట్టి దిగులే అని ఇంట్లో తేల్చేయకండి, రక్తపరీక్ష చేయించండి, ఆ వయసులో పళ్లు అరిగి నమలలేకపోతోందేమో కూడా చూపించండి. ఆకలి పుట్టించడానికి తడిపిన మెత్తని మేత కొద్దికొద్దిగా, దానికి ఇష్టమైనదేదైనా సరే చేత్తో పెట్టండి. తోడుగా ఏదో ఒక జంతువును దగ్గర కట్టండి, గుర్రమైనా గాడిదైనా పర్లేదు, మధ్యలో కంచె ఉంచి ముందు ఒకదాన్నొకటి చూసుకోనివ్వండి. ఇక ముందు ఎవరింట్లోనైనా జతలో ఒకటి చనిపోతే, వెంటనే తీసేయకుండా మిగిలినదాన్ని కాసేపు దాని దగ్గర ఉండనివ్వండి. వాసన చూసి, అది తనంతట తాను పక్కకు వచ్చేదాకా ఆగండి. అలా చూసుకోనిచ్చినవి, తోడు కోసం రోజుల తరబడి వెతుక్కుంటూ తిరగడం నేను తక్కువగా చూశాను.